తడి గోతాల చలువశాల

వేసవి 112వ రోజు. పొడి 35, తడి 29.

ఉష్ణశాఖ వారు నాకిచ్చిన పుస్తకంలో రోజుకొక గడి ఉంటుంది. ఆ గడిలో ఒక అంకె పడుతుంది, అంతే. ఆ అంకె పక్కన మనిషి ఎలా ఉన్నాడో రాయాలంటే చోటు చాలదు. అందుకని ఈ రెండో పుస్తకం నా సొంతానికి పెట్టుకున్నాను. నా పేరు నాంచారమ్మ. చలువశాల నంబరు మూడుకి కాపలాదారుని. చదువు ఏడో తరగతి, నోరు మాత్రం పట్టభద్రురాలిదని మా అన్న అంటాడు.

మాది పల్నాడు. తొమ్మిదొందల అడుగుల దాకా దిగిన ఆఖరి బోరు కూడా దుమ్ము కక్కాక, ఊరు ఊరంతటినీ బండ్లెక్కించి సముద్రం ఒడ్డుకు తెచ్చి రొయ్యల చెరువుల పనిలో పెట్టారు. ఇప్పటికి నాలుగేళ్ళు. తాగడానికి చుక్క నీరు లేని చోటు నుంచి, చూపు ఆనినంత మేర నీళ్ళే ఉండి తాగడానికి చుక్క పనికిరాని చోటికి వచ్చాం. దీని పేరు పునరావాసం.

అందరి చేతికీ ఒక కడియం వేశారు. ఎండ నలభై అయిదు దాటితే ఎర్రగా మారుతుంది, పని ఆపెయ్యొచ్చు. అంతవరకూ పచ్చగా ఉంటుంది. ఈ సముద్రం ఒడ్డున ఎండ నలభై దాటడమే అపురూపం. కాబట్టి నాలుగేళ్ళలో ఎర్ర కడియం చూసిన కన్ను లేదు. ఎంత చల్లని ప్రదేశమో!

నాకు ఇచ్చిన పెట్టెలో థర్మామీటర్లు రెండు. ఒకటి మామూలుది. రెండోదాని కింది బుడ్డికి గుడ్డపేలిక చుట్టి తడిపి ఉంచాలి. నీళ్ళు ఆరుతుంటే అది చల్లబడి, మొదటిదానికన్నా తక్కువ చూపిస్తుంది. చెమట ఆరి మన ఒళ్ళు చల్లబడటమూ ఇదే తంతు. కొత్త పుస్తకంలో ఈ రెండోదానికి గడి తీసేశారు. కాగితం ఆదా అట. గడి లేకపోయినా పేలిక తడపడం నాకు అలవాటైపోయింది. నాలుగేళ్ళుగా చూస్తున్నదేమిటంటే, ఈ రెండూ తోడికోడళ్ళ లాంటివి. ఎంత దూరంగా ఉంటే ఇంటికి అంత క్షేమం. దగ్గరికి జరుగుతున్నాయంటే మనిషికి మూడుతున్నట్టు.

వేసవి 117వ రోజు. పొడి 35, తడి 30.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పనికి విరామం, జనం చలువశాలలో కూర్చోవచ్చని నియమం. చలువశాల అంటే రేకుల షెడ్డు. మూడు వైపులా గోడ, నాలుగో వైపు బార్లా తెరిచి ఉండేది. ఉండేది అంటున్నాను, ఎందుకంటే నిన్నటి నుంచి లేదు. మా అన్న యల్లమంద దానికి గోతాం తెరలు కట్టాడు.

మా ఊళ్ళో ఇది తాతల నాటి పద్ధతి. నడివేసవిలో గుమ్మానికి, కిటికీలకు గోతాలు వేలాడదీసి, గంటగంటకూ నీళ్ళు చల్లి, తలుపులు మూసుకుని కూర్చునేవాళ్ళం. బయట నలభై ఆరు. నిప్పులాంటి వడగాలి ఆ తడి గోతాం లోంచి దూరి వచ్చేసరికి, లోపల చిన్నపిల్లలు దుప్పటి అడిగేవారు. ఊరంతటికీ గోతాలు కట్టించేది మా నాన్న. ఆయన పోయాక మా అన్న. ఊరు పోయినా ఆ పదవి పోలేదు. పెట్టెలో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాడు. ఈ ఏడు ఉక్క ఎక్కువైందని జనం మొత్తుకోగానే బయటికి తీశాడు.

"అన్నా, ఇక్కడి గాలి ముందే పీకల్దాకా నీళ్ళు తాగి వస్తందిగదా, ఇంక నీ గోతాం నీళ్ళు అదేం తాగుద్ది?" అని అడిగాను.

"నలభై ఏడు చూసినోళ్ళం అమ్మీ మనం. ముప్పై అయిదు ఒక ఎండా? నీ పేలిక ముచ్చట్లు నా కాడ చెప్పబాక," అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పైగా ఆ కుందేలును నాన్న పట్టి ఇచ్చాడాయె.

ఎండుచేపలు అమ్ముకునే సింగారమ్మ మా తెరలు చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఈవిడ ఇక్కడి మనిషే, పుట్టింది పెరిగింది ఈ ఇసుకలోనే. "ఏందొదినా, మనుషుల్ని ఆవిరి పెడతన్నారా?" అంది. "మా అమ్మ చెప్పేది. తీగ మీద ఏసిన చీర మజ్జానానికి గూడా ఆరలేదంటే ఆ దినం ఎవురూ పనికి పోబాకండి, గాలి తగిలే చోట కదలకుండా పడుండండి అని. మూడు దినాలుగా నా చీర ఆరతల్లేదు." ఈ మాట ఉష్ణశాఖ పుస్తకంలో ఎక్కడా లేదు. చీరకు గడి ఉండదుగా.

వేసవి 120వ రోజు. పొడి 36, తడి 31.

ఈ రోజు పది గంటలకు రొయ్యల షెడ్డులో గంట మోగింది. చెరువు నీళ్ళు ముప్పై మూడు డిగ్రీలు దాటాయట. రొయ్యలకు ముప్పై మూడు దాటకూడదు. అవి సుకుమారమైన జీవాలు, ఎగుమతి సరుకు. గాలి చక్రాలు తిరిగాయి, ఐసుగడ్డలు దిగాయి, పర్యవేక్షకులు ఉరుకులు పరుగులు పెట్టారు. రొయ్యల కోసం అంతమంది చెమటలు కక్కుతుంటే నాకు చెమ్మగిల్లింది. కన్ను అని రాయబోయాను గాని, ఒళ్ళంతా అదే పరిస్థితి.

ఆ హడావుడిలో ఐసు మోస్తున్న వీరాంజి పడిపోయాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. రెండు బస్తాలు ఒక్క భుజం మీద వేసుకునేవాడు. పడేముందు కాసేపు తూలాడు, చుట్టూ ఉన్నవాళ్ళు తాగాడేమోనని నవ్వారు. తర్వాత వాంతి చేసుకున్నాడు. నేను వెళ్ళేసరికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అయిదు నిమిషాల్లో పోయాడు. అతని చేతి కడియం పచ్చగానే ఉంది.

చావు నమోదు చెయ్యాలంటే ఉష్ణమిత్రతో మాట్లాడాలి. ఉష్ణమిత్ర అంటే మనిషి కాదు, శాఖవారి మాట్లాడే యంత్రం. చలువశాల గోడకు ఉంటుంది. పెళ్ళి శుభలేఖలా మాట్లాడుతుంది.

"మరణ కారణం తెలుపగలరు."

"వడదెబ్బ."

"క్షమించాలి. నేటి ఉష్ణోగ్రత ముప్పై ఆరు. నలభై అయిదుకు లోబడిన రోజున వడదెబ్బ గడి తెరుచుకోదు. దయచేసి వేరొక కారణం ఎంచుకోండి. ఒకటి, గుండె. రెండు, వృద్ధాప్యం. మూడు, ఇతరములు."

గంటసేపు వాదించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడికి బుగ్గలైనా కనిపిస్తాయి. కారణం చెప్పందే అంత్యక్రియలకు శవాన్ని ఇవ్వరట. వీరాంజి భార్య నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఒకటి నొక్కాను.

నొక్కిన వేలికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

వేసవి 122వ రోజు. పొడి 36, తడి 32.

వీరాంజి పోయినప్పటి నుంచి జనానికి భయం పట్టుకుంది. భయపడ్డవాళ్ళు ఎక్కడికి పోతారు? చల్లని చోటికి. చల్లని చోటు ఏది? మా అన్న కట్టిన గోతాల వెనక. ఇదివరకు ముప్పై మంది వచ్చేవాళ్ళు, ఇప్పుడు అరవై దాటారు.

ఈ రోజు పంతం పట్టి థర్మామీటర్లు రెండూ లోపలికి తెచ్చి అందరి ఎదుటా తగిలించాను. గంట గడిచింది. మామూలు థర్మామీటరు ముప్పై ఆరు నుంచి ముప్పై నాలుగుకు దిగింది. చప్పట్లు కొట్టారు. "చూసినావా అమ్మీ, రెండు డిగ్రీలు దించినా!" అని మా అన్న మీసం తిప్పాడు. ఆ క్షణంలో అచ్చం మా నాన్నలా ఉన్నాడు. ఆ మీసం చూసి రెండోదాని సంగతి ఎత్తబుద్ధి కాలేదు నాకు, నిజం చెబుతున్నాను.

తర్వాత పేలిక థర్మామీటరు చూపించాను. ముప్పై రెండు నుంచి ముప్పై మూడుకు ఎక్కింది. "గాలి ఆడే దారి మూసేశావు. ట్యాంకు నీళ్ళు ఎండకు కాగి ఉన్నయ్యి, వాటినే చల్లుతున్నావు. ఇంతమంది ఊపిరి, ఇంతమంది చెమట ఇక్కడే తిరుగుతంది. మన చెమట ఆరటానికి ఒకే ఒక డిగ్రీ సందు ఉంది అన్నా. అది గూడా మూసుకుపోతే లోపలి వేడి ఒంట్లోనే నిలబడిపోద్ది. కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉడికిపోతాడు."

"కూర్చున్నోడికి వడదెబ్బేందే?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఉష్ణమిత్రకు చెప్పాను. "మీ కేంద్రంలో ఉష్ణోగ్రత బయటికన్నా రెండు డిగ్రీలు తక్కువగా నమోదైంది. అభినందనలు. శ్రీ యల్లమంద గారి సంప్రదాయ విధానాన్ని ఇతర కేంద్రాలకు సిఫారసు చేస్తున్నాము," అంది. మా అన్న ఆ మాట మూడుసార్లు చెప్పించుకుని విన్నాడు.

వేసవి 123వ రోజు. పొడి 37, తడి 33.

ఇది జరిగిన మర్నాడు పొద్దున్నే రాస్తున్నాను. నిన్న రాసే తీరిక దొరకలేదు.

నిన్న గాలి చచ్చిపోయింది. సముద్రం మీద అల కూడా బద్ధకంగా లేచింది. పన్నెండింటికి అరవై ముగ్గురు లోపలికి వెళ్ళారు. కడియాలు చూసి లెక్క రాసే పని నాది కాబట్టి నేను బయట పందిరి కింద ఉన్నాను. తిరపతమ్మ పెద్దమ్మ ఆఖరున వచ్చింది. డెబ్బై నాలుగేళ్ళు. మా అన్నను, నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి. మా అన్న ఎదురువెళ్ళి చెయ్యి పట్టుకుని, "నీకు గోతాం పక్కనే చోటుంచినా పెద్దమ్మా, రా," అని తీసుకెళ్ళి తెర కింద కూర్చోబెట్టాడు. గోతాం మీద మరో రెండు బిందెలు గుమ్మరించాడు.

ఒంటిగంటకు లోపలికి వెళ్ళి చూశాను. పొడి ముప్పై అయిదు, తడి ముప్పై నాలుగు. బయటికి రమ్మని అరిచాను. ముగ్గురు లేచారు, మిగతావాళ్ళు కళ్ళు కూడా తెరవలేదు. నిద్ర అనుకున్నాను. అంత గగ్గోలు పెట్టే దాన్ని, నిద్ర అని ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

రెండింటికి మళ్ళీ వెళ్ళాను. పొడి ముప్పై అయిదున్నర, తడి ముప్పై అయిదు. తోడికోడళ్ళిద్దరూ ఒకే పీట మీద కూర్చున్నారు. మా అన్న బిందె పట్టుకుని నిలబడి గోతాంతో మాట్లాడుతున్నాడు.

"మైలగా, పక్కకి జరగరా. పచ్చిగడ్డి ఏస్తాగదా, ఆగరాదూ."

మైలగాడు మా ఎద్దు. అమ్మేసి తొమ్మిదేళ్ళయింది.

"అన్నా, నేనెవరు?"

నావైపు చూశాడు. పరాయి మనిషిని చూసినట్టు మర్యాదగా నవ్వి, "నీళ్ళు కావాలామ్మా?" అని బిందె నా చేతికివ్వబోయి అక్కడే కూలబడ్డాడు. చెయ్యి పట్టుకుంటే కాలింది. నా జన్మలో అంత భయపడింది లేదు.

ఉష్ణమిత్ర దగ్గరకు పరుగెత్తి బండి పంపమన్నాను. "నేటి స్థితి: పచ్చ. ఆందోళన చెందవలసిన అవసరం లేదు. తగినంత మంచినీరు సేవించండి," అంది. బిందెలో మిగిలిన నీళ్ళు దాని మొహాన కొట్టాను. తగినంత సేవించి ఊరుకుంది.

ఈ ఇసుకలో నిజంగా చల్లగా ఉండే చోటు ఒక్కటే, రొయ్యల ఐసు గది. రెండొందల అడుగుల దూరం. కాపలా నాగుల్‌మీరా, మా ఊరివాడే. వయసులో నాకన్నా పెద్ద, నన్ను చెల్లెమ్మా అంటాడు. అతనికి తెలిసింది ఒకే నియమం. చీటీ లేకుండా ఆ తలుపు తెరుచుకోదు. చీటీలో సరుకు పేరు, సైజు, సంఖ్య రాస్తేనే తాళం పనిచేస్తుంది.

"మనుషులకి చీటీ లేదు చెల్లెమ్మా, నా ఉద్యోగం పోద్ది," అన్నాడు.

"మనుషులని ఎవరన్నారు? రాయి. సరుకు: రొయ్యలు."

అతను నా మొహంలోకి చూశాడు. అటు చలువశాల వైపు చూశాడు. కలం తీశాడు.

"సైజు?"

"పెద్దవి."

"ఎన్ని?"

"అరవై మూడు."

"తల ఉన్నయ్యా, తల తీసినయ్యా?"

"ఇప్పటికి తలతోనే ఉన్నయ్యి. ఇంకాసేపు అడుగుతా కూర్చుంటే నేను పూచీ పడను!"

తాళం టక్కున తెరుచుకుంది. మనుషులకు ఎన్నడూ తెరుచుకోని తలుపు రొయ్యలకు ఎంత మర్యాదగా తెరుచుకుందో చెప్పలేను. నాగుల్‌మీరా రొయ్యల ట్రాలీలు తోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. మా కేకలు విని సింగారమ్మ వాళ్ళ వాడ నుంచి పదిమంది ఆడవాళ్ళను వెంటేసుకొచ్చింది. నడవగలిగిన వాళ్ళను నడిపించాం, లేనివాళ్ళను ట్రాలీల్లో వేశాం. ఊరికే నీరసంగా పడి ఉన్నవాళ్ళకన్నా, మతి తప్పి మాట్లాడేవాళ్ళను, పిలిస్తే పలకనివాళ్ళను ముందు తీసుకెళ్ళమని అరుస్తూనే ఉన్నాను. వీరాంజి తూలినప్పుడు నవ్విన నవ్వు నా చెవిలో ఉంది.

మా అన్నను రొయ్యలు కడిగే తొట్టిలో మెడ దాకా పడుకోబెట్టి చుట్టూ ఐసు పోశాం. సింగారమ్మ తల పట్టుకుంది. ఎవరో నోట్లో నీళ్ళు పోయబోతే ఆవిడే కసిరింది. "తెలివిలో లేనోడికి నోట్లో పోత్తే ఊపిరితిత్తుల్లోకి పోద్దే! ఒంటి మీద పోయండి."

పది నిమిషాలు. పదిహేను. ఇరవై నిమిషాలకు పెదవులు కదిలాయి.

"చలేస్తంది అమ్మీ," అన్నాడు.

ఈ కాలనీకి వచ్చిన నాలుగేళ్ళలో ఆ మాట ఎవరి నోటా వినలేదు. తొట్టి అంచు పట్టుకుని బిగ్గరగా ఏడ్చేశాను. ఏడుస్తూనే, "అన్యాయం చెప్పబాక, నలభై ఏడు చూసినోడివి!" అన్నాను.

అరవై ముగ్గురిలో అరవై ఇద్దరు లేచి కూర్చున్నారు. తిరపతమ్మ పెద్దమ్మను ట్రాలీ మీద నుంచి దించేటప్పటికే ఊపిరి లేదు.

వేసవి 124వ రోజు. పొద్దున ఆరు. పొడి 33, తడి 31.

ఉష్ణమిత్ర తడిసినా చావలేదు. ప్రభుత్వ యంత్రం కదా. పొద్దున్నే మరణ కారణం అడిగింది. ఒకటి, రెండు, మూడు చదివింది. నేను ఏదీ నొక్కలేదు. ఉష్ణశాఖ పుస్తకం తీసి, గడులు, గీతలు చూడకుండా ఆ పేజీ నిండా కలంతో పెద్దగా రాశాను: తిరపతమ్మ, వడదెబ్బ. పొడి 35న్నర, తడి 35. పేజీలు వెనక్కి తిప్పి వీరాంజి పేరు పక్కనా రాశాను. యంత్రం ఒప్పుకోకపోతే మానె. నాగుల్‌మీరాకు మాత్రం సంజాయిషీ నోటీసు వచ్చింది. అరవై మూడు పెద్ద సైజు రొయ్యలు గదిలోకి వెళ్ళాయి గాని బయటికి వచ్చినట్టు నమోదు కాలేదట.

మా అన్న చలువశాల ముందు ఇసుకలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేచి నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. నిన్నటిది సగం గుర్తుంది, సగం లేదు. నన్ను చూసి మెల్లగా అడిగాడు.

"పెద్దమ్మకి గోతాం పక్కన చోటిచ్చినా గదా. ఆమెకి బాగనే ఉందా?"

నా నోరు పట్టభద్రురాలిది. ఎప్పుడూ మాట తడుముకోలేదు. బాగనే ఉందని చెప్పెయ్యాలనిపించింది. ఒక్క చిన్న అబద్ధం. నాలుగు రోజుల కిందట నొక్కిన అబద్ధం కన్నా చిన్నదే. కానీ ఆ మాట వింటే ఇవాళ పన్నెండింటికి బిందె పట్టుకుని మళ్ళీ లేస్తాడు. గోతాలు తడుపుతాడు. మిగిలినవాళ్ళందరినీ చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెడతాడు.

ఎదురుగా కూర్చుని చెప్పాను. ఎలా పోయిందో చెప్పాను, ఎక్కడ కూర్చుని ఉండగా పోయిందో కూడా దాచలేదు.

మా అన్న ఏడవలేదు. మీసం మీదికి చెయ్యి వెళ్ళి, అక్కడిదాకా వెళ్ళి దిగిపోయింది. కాసేపటికి గోతాల వైపు తల తిప్పాడు.

"అయ్యి నాన్న నేర్పిన ముళ్ళే. లాగితే ఇంకా బిగుసుకుంటయ్యి. కత్తి పెట్టబాక, తాళ్ళు పాడైపోతయ్యి. పెద్దమ్మకి పాడె కట్టాలిగదా." గోడకు చెయ్యి ఆనించి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. "నేను లేవలేను. ఇక్కణ్ణుంచి చెప్తా. ఎడమ పక్క నుంచి మొదలుపెట్టు. ముందు తాడు కింది పేట లోపలికి తొయ్యి."

తోశాను. ముడి జారింది. మొదటి గోతాం తడిబరువుతో ధబ్బున కింద పడింది.

"ఇప్పుడు రెండోది," అన్నాడు మా అన్న. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన చెప్పినట్టే ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోయాను.